బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్ (1948-49) అమెరికా ఒక్కటే నడిపిందా? బ్రిటన్, ఫ్రాన్స్ ఏం చేశాయి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. గ్రూప్-1 కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. బెర్లిన్ దిగ్బంధం గురించి నా దగ్గరున్న పుస్తకాలన్నీ ఒకే పాట పాడుతున్నాయి. సోవియట్ యూనియన్ దారులు మూసేసింది, అమెరికా విమానాల్లో సరుకులు దింపింది, స్టాలిన్ వెనక్కి తగ్గాడు. అంతే, పేరా అయిపోయింది. కానీ సోవియట్ మండలం మధ్యలో చిక్కుకున్న అప్పటి పశ్చిమ బెర్లిన్ అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ సెక్టార్లుగా ఉండేది కదా. మిగతా ఇద్దరూ చూస్తూ కూర్చున్నారా? వాళ్ల వైమానిక దళాలు కలిసి ఎలా పనిచేశాయి, ఎవరి ఆర్డర్లు ఎవరు విన్నారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పద్మజ_చరిత్ర:
మంచి ప్రశ్న బాబూ. డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు నేను ఒక కాగితం దగ్గర మొదలుపెడతాను.

1945 నవంబర్ 30న నాలుగు విజేత దేశాలూ కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. పశ్చిమ జర్మనీ వైపు నుంచి బెర్లిన్‌కు మూడు గగన మార్గాలు, ఒక్కొక్కటి 20 మైళ్ల వెడల్పు (అంటే 32 కిలోమీటర్లు). ఒకటి హాంబర్గ్ వైపు, ఒకటి హనోవర్ దిక్కున బ్యూకెబర్గ్ వైపు, ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు. ఇది రాతపూర్వకంగా ఉంది. రోడ్డుకూ రైలుకూ అలాంటి గట్టి కాగితమేదీ లేదు, అంతా నోటిమాట మీద, అలవాటు మీద నడిచింది. అందుకే 1948 జూన్ 24న సోవియట్ సైన్యం రోడ్లు, రైళ్లు, కాలువలు ఆపేస్తే పశ్చిమ దేశాలకు చూపించుకోవడానికి మిగిలిన హక్కు ఆకాశమే. దిగ్బంధానికి అప్పటికప్పుడు కారణం కొత్త కరెన్సీ. జూన్ 20న పశ్చిమ మండలాల్లో (జర్మనీలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ అధీనంలోని భాగాల్లో) డాయిష్ మార్క్ తెచ్చారు, నాలుగు రోజుల్లో అది పశ్చిమ బెర్లిన్‌కూ చేరింది.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. నగరం మొత్తాన్ని విమానాలతో పోషించవచ్చు అని ముందుగా లెక్క కట్టి చూపించినవాడు అమెరికన్ కాదు. బ్రిటిష్ వైమానిక దళంలో ఎయిర్ కమొడోర్ రెజినాల్డ్ వెయిట్. అప్పటికి అమెరికన్ సైనిక గవర్నర్ జనరల్ క్లే మనసు సాయుధ కాన్వాయ్‌ని రోడ్డు మీద తోసుకుంటూ తీసుకెళ్లడం వైపే ఉంది. వెయిట్ తన లెక్కలను బ్రిటిష్ గవర్నర్ జనరల్ రాబర్ట్‌సన్‌కు చూపించాడు, ఆయన క్లేకి చెప్పాడు. జూన్ 26న అమెరికన్ విమానాలు మొదలయ్యాయి, 28న బ్రిటిష్ విమానాలు. పాఠ్యపుస్తకాల్లో వెయిట్ పేరు కనపడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఓరుగల్లు_శ్రీను:
మేడమ్, లెక్క ఎవరు కట్టిన్రన్నది వేరే ముచ్చట. సరుకు ఎవరు మోసిన్రో చూడాలె గద. మొత్తం 23 లక్షల టన్నుల పైచిలుకు పోతే, అందుల దాదాపు 17 లక్షల 80 వేల టన్నులు అమెరికాదే. బ్రిటన్‌ది 5 లక్షల 40 వేల చిల్లర. అంటే నాలుగింట మూడొంతులు ఒక్కడే మోసిండు. ఫ్రాన్స్ అయితే లెక్కలకే రాదు. గందుకే పుస్తకాలు అట్ల రాసినయ్.

సరుకు_రవాణా:
శ్రీను గారూ, నేను విశాఖ పోర్టులో కార్గో ప్లానింగ్ చూస్తాను. అంకెలు కరెక్టే. కానీ టన్నులను మోసిన విమానం పేరు మీద రాస్తే సగం కథ దాచినట్టే. ఆ విమానం ఏ నేల మీంచి లేచింది, ఏ నేల మీద దిగింది అని కూడా చూడాలి.

మొదట అమెరికన్ విమానాలు వాళ్ల మండలంలోని రైన్-మైన్ (ఫ్రాంక్‌ఫర్ట్), వీస్‌బాడెన్‌ల నుంచి లేచేవి. అది దూరం. బ్రిటిష్ మండలంలోని ఫాస్‌బెర్గ్, సెల్లే బేస్‌ల నుంచి బెర్లిన్ దాదాపు సగం దూరమే. దూరం తగ్గితే అదే విమానం రోజుకు ఎక్కువ ట్రిప్పులు కొడుతుంది, పెట్రోలు మిగులుతుంది, సిబ్బంది తక్కువ అలసిపోతారు. అందుకని బ్రిటన్ తన బేస్‌లలో అమెరికన్ C-54 రవాణా విమానాలకు చోటిచ్చింది. బ్రిటిష్ నేల, బ్రిటిష్ కంట్రోల్, అమెరికన్ విమానం, అమెరికన్ పైలట్. ఆ టన్నులు అమెరికా ఖాతాలో పడ్డాయి. బ్రిటన్ నేల ఇవ్వకపోతే ఆ ఖాతా అంత లావుగా ఉండేది కాదు.

ఇంకో సంగతి. పెట్రోలు, డీజిల్ లాంటి ద్రవ ఇంధనాన్ని ట్యాంకర్ విమానాల్లో మోసే పని బ్రిటన్ తీసుకుంది. అదీ ఎక్కువగా వాళ్ల ప్రైవేటు కంపెనీల విమానాలతో. ఉప్పు కూడా అంతే. ఉప్పు తగిలితే మామూలు విమానాల లోహం, కంట్రోల్ తీగలు తుప్పు పట్టిపోతాయి. అందుకని సముద్రం మీద దిగడానికి కట్టిన సండర్‌లాండ్ విమానాలను తెచ్చారు. వాటికి తుప్పు పట్టకుండా పూత ఉంటుంది, కంట్రోల్ తీగలు పై భాగంలో పోతాయి. హాంబర్గ్ దగ్గర ఎల్బే నది మీద లేచి బెర్లిన్‌లో హావెల్ నీళ్ల మీద దిగేవి. చలికాలంలో మంచు కడుతుందని డిసెంబర్‌లో ఆపేసి, తర్వాత వేరే విమానాలకు పొట్ట కింద తొట్లు కట్టి ఉప్పు పంపారు. సరుకు స్వభావాన్ని బట్టి వాహనం ఎంచుకోవడం అంటే ఇదే. ఇలాంటివి చదువుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కృష్ణాతీరం:
చాలా థాంక్సండీ. మరి ఆర్డర్లు ఎవరివి? రెండు దళాలకూ ఒకే కమాండరా?

రన్‌వే27:
వైమానిక దళంలో రవాణా స్క్వాడ్రన్‌లో గ్రౌండ్ సిబ్బందిగా చాలాకాలం చేసి రిటైరయ్యాను, ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంటున్నాను. ఇది నాకు ఇష్టమైన విషయం, అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను.

మొదటి మూడున్నర నెలలు ఇద్దరు కమాండర్లు, రెండు టైంటేబుళ్లు. గగన మార్గాలు మాత్రం ఇద్దరికీ అవే. ఇది ఎంత ప్రమాదమో ఎయిర్‌ఫీల్డ్‌లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. అమెరికన్ C-54 పది టన్నులు మోస్తుంది, వేగంగా పోతుంది. బ్రిటన్ దగ్గర డకోటాలు, యార్కులు, తర్వాత హేస్టింగ్స్, పైగా ప్రైవేటు కంపెనీల రకరకాల పాత విమానాలు. ఒక్కోదాని వేగం ఒక్కోలా ఉంటుంది. ఒకే ఇరుకు దారిలో వెనక వేగంగా వచ్చేది, ముందు నెమ్మదిగా పోయేది ఉంటే ఏమవుతుంది? పైగా మబ్బు, పొగమంచు, పైలట్‌కు ముందున్న విమానం కనపడదు.

1948 ఆగస్టు 13, శుక్రవారం. బెర్లిన్ మీద దట్టమైన మబ్బు, వర్షం. అక్కడి టెంపెల్‌హోఫ్ ఎయిర్‌ఫీల్డ్‌లో ఒక C-54 కూలి కాలిపోయింది, వెనక దిగినదానికి టైర్లు పేలాయి. పైన విమానాలు గుండ్రంగా తిరుగుతూ ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి, కంట్రోల్ చేతులెత్తేసే పరిస్థితి. అలా గాల్లో చిక్కుకున్నవాళ్లలో అమెరికన్ ఎయిర్‌లిఫ్ట్ బాధ్యత అప్పుడే తీసుకున్న జనరల్ విలియం టన్నర్ కూడా ఉన్నాడు. రేడియోలో ఒక్కటే ఆర్డర్ ఇచ్చాడు. పైన ఉన్నవన్నీ తిరిగి బేస్‌కు పోవాలి. అప్పటి నుంచి రూల్ మారింది. ఒకసారి దిగలేకపోతే రెండో ప్రయత్నం లేదు, సరుకుతో సహా వెనక్కి పోవాల్సిందే. ఉత్తర, దక్షిణ మార్గాల్లో లోపలికి, మధ్య మార్గంలో బయటికి, అంతా వన్‌వే. విమానానికీ విమానానికీ మధ్య మూడు నిమిషాలు.

పైలట్ టెర్మినల్‌లోకి పోవడం కూడా బంద్. విమానం ఆగీ ఆగగానే బెర్లిన్ కూలీలు ఎక్కి సంచులు దింపేవాళ్లు. వాతావరణం వివరాలు చెప్పే ఆఫీసర్ జీపులో విమానం దగ్గరికే వచ్చేవాడు, కాఫీ, తినుబండారాలు ఉన్న బండీ అక్కడికే వచ్చేది. గ్రౌండ్ మీద నిలబడి పనిచేసినవాడిగా చెప్తున్నాను, ఒక విమానాన్ని తిప్పి పంపడంలో పది నిమిషాలు మిగిల్చడం ఎంత కష్టమో. వాళ్లు దాన్ని వందల విమానాలకు రాత్రింబవళ్లు చేశారు.

ఆ తర్వాత 1948 అక్టోబర్‌లో రెండు దళాలనూ కలిపి ఉమ్మడి ఎయిర్‌లిఫ్ట్ టాస్క్ ఫోర్స్ పెట్టారు. హెడ్‌క్వార్టర్స్ వీస్‌బాడెన్. కమాండర్ టన్నర్, డిప్యూటీ బ్రిటిష్ ఎయిర్ కమొడోర్ మెరర్. బ్రిటన్ మొన్నమొన్నటిదాకా ప్రపంచ సామ్రాజ్యం. తన విమానాల టైంటేబుల్‌ను ఒక అమెరికన్ చేతిలో పెట్టడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. నా లెక్కలో ఈ మొత్తం కథలో సహకారం అనే మాటకు అసలైన రుజువు అదే.

ఓరుగల్లు_శ్రీను:
రన్‌వే సార్, మీ అనుభవానికి దండం. గని అంత సాఫుగ నడిచిందని మాత్రం అనొద్దు. ఫాస్‌బెర్గ్‌ల అమెరికనోళ్లకు బ్రిటిష్ తిండి సయించలే, బేస్ నడిపే తీరు మీద కూడ కిరికిరి అయింది. ఆఖరికి ఆ బేస్ అజమాయిషీ అమెరికా చేతికే పోయింది.

రన్‌వే27:
నిజమే శ్రీను గారూ, జరిగింది. సెల్లేలో మాత్రం బ్రిటిష్ అజమాయిషీ చివరిదాకా ఉండి, పని సాఫీగా సాగింది. నేను చూసినంతలో రెండు యూనిట్లు ఒక బేస్‌లో కలిసి ఉన్నప్పుడు గొడవ ముందుగా మెస్ దగ్గరే మొదలవుతుంది. గొడవ వచ్చిందా లేదా అని నేను చూడను. వచ్చాక దాన్ని తేల్చడానికి ఎన్ని రోజులు పట్టింది, ఆ రోజుల్లో విమానాలు ఆగాయా అని చూస్తాను. ఫాస్‌బెర్గ్‌లో విమానాలు ఆగలేదు.

బెర్లిన్_వాసి:
నేను ఉద్యోగరీత్యా బెర్లిన్‌లో ఉంటున్నాను. ఫ్రాన్స్ లెక్కకే రాదు అన్న మాట దగ్గర ఆగాను.

ఫ్రాన్స్ రవాణా విమానాలు అప్పుడు ఇండోచైనా యుద్ధంలో చిక్కుకుపోయాయి. పాత యుంకర్స్ 52లు కొన్ని నడిపింది కానీ అది లెక్కలో చాలా చిన్నది, ఒప్పుకుంటాను. అయితే బెర్లిన్‌కు అప్పుడు కావలసింది విమానాలకంటే రన్‌వే. అమెరికన్ సెక్టార్‌లో టెంపెల్‌హోఫ్, బ్రిటిష్ సెక్టార్‌లో గాటో, ఈ రెండూ నిండిపోయాయి. మూడోదానికి స్థలం ఫ్రెంచ్ సెక్టార్‌లో దొరికింది, టెగెల్. 1948 ఆగస్టులో పని మొదలైంది, నవంబర్ 5న మొదటి విమానం దిగింది. అమెరికన్ ఇంజనీర్లు ప్లాన్ ఇచ్చారు, స్థలం ఫ్రాన్స్‌ది, చెమట బెర్లిన్ జనానిది. వేలమంది షిఫ్టుల్లో పనిచేశారు, అందులో ఆడవాళ్లు చాలామంది. బాంబుల్లో కూలిన ఇళ్ల ఇటుకలు, రాళ్లు పగలగొట్టి రన్‌వే కింద పరిచారు. రాళ్లు నలగ్గొట్టే యంత్రాలు విమానంలో పట్టకపోతే గ్యాస్ టార్చ్‌తో ముక్కలుగా కోసి తెచ్చి, ఇక్కడ మళ్లీ వెల్డింగ్ చేశారు.

రన్‌వే అయితే తయారైంది కానీ దగ్గర్లో సోవియట్ అధీనంలోని రేడియో స్టేషన్ టవర్లు ఉన్నాయి. దిగే విమానాలకు అడ్డం. ఫ్రెంచ్ కమాండెంట్ జనరల్ గానెవాల్ తీసేయమని అడిగాడు. వాళ్లు తీయలేదు. డిసెంబర్ 16న పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టించాడు. సోవియట్ సైన్యం చుట్టూ ఉన్న నగరంలో ఆ నిర్ణయం తీసుకున్న మనిషికి ఎంత గుండె ధైర్యం ఉండాలి! ఫ్రాన్స్ వాటా ఎంత అని టన్నుల్లో వెతికితే ఇది కనపడదు.

ఆ టెగెలే తర్వాత బెర్లిన్ ప్రధాన విమానాశ్రయమై 2020 నవంబర్ దాకా నడిచింది. టెంపెల్‌హోఫ్ 2008లో మూతపడి, ఇప్పుడు రన్‌వే మీద జనం సైకిళ్లు తొక్కుతుంటారు.

కృష్ణాతీరం:
టెగెల్ సంగతి నాకసలు తెలియదు. ఇంకో అనుమానం. సోవియట్ వాళ్లు తలుచుకుంటే ఆ విమానాలను అడ్డుకోలేరా? ఎందుకు ఊరుకున్నారు?

పద్మజ_చరిత్ర:
పూర్తిగా ఊరుకోలేదు. యుద్ధ విమానాలతో దగ్గరికొచ్చి బెదిరించడం, సెర్చిలైట్లు పైలట్ల కళ్లల్లోకి వేయడం, రేడియోను గజిబిజి చేయడం, ఇలాంటివి వందల సంఖ్యలో జరిగాయి. దిగ్బంధానికి ముందే, 1948 ఏప్రిల్ 5న గాటో దగ్గర ఒక సోవియట్ యాక్ ఫైటర్ బ్రిటిష్ ప్రయాణికుల విమానాన్ని ఢీకొంది, రెండింట్లో ఉన్నవాళ్లందరూ చనిపోయారు. కానీ కావాలని కూల్చడం అంటే తన సంతకం ఉన్న ఒప్పందాన్ని తానే చింపి యుద్ధం ప్రకటించినట్టు. నేను మొదట కాగితం గురించి చెప్పింది ఇందుకే.

విద్యార్థులు ఎప్పుడూ నమ్మని విషయం ఒకటుంది. బెర్లిన్ ఎయిర్ సేఫ్టీ సెంటర్ అని నాలుగు దేశాల ఆఫీసర్లు ఒకే చోట కూర్చుని విమానాల రాకపోకలు నమోదు చేసే ఆఫీసు ఉండేది. జర్మనీ పాలన చూసే నాలుగు దేశాల కంట్రోల్ కౌన్సిల్ నుంచి సోవియట్ ప్రతినిధులు 1948 మార్చిలోనే లేచిపోయారు. నగర పాలక కమిటీ నుంచి జూన్‌లో బయటికొచ్చేశారు. ఈ ఆఫీసులో మాత్రం దిగ్బంధం సాగినన్నాళ్లూ సోవియట్ ఆఫీసర్ తన కుర్చీలో ఉన్నాడు. ఆ ఆఫీసు 1990 దాకా నడిచింది.

ఓరుగల్లు_శ్రీను:
మంచిది మేడమ్. నేను ముందుగాల్నే అడుగుదామనుకున్న ముచ్చట ఇప్పుడు అడుగుత. దీన్ని దోస్తానా అనాల్నా, అవసరం అనాల్నా? అదే 1948 జులైల అమెరికా తన B-29 బాంబర్లను ఇంగ్లండ్‌ల దింపింది. పెద్ద ఒప్పందమేం లేకుండనే బ్రిటన్ సరే అంది. ఆ బేస్‌లను ఎమర్జెన్సీల వాడుడు ఇద్దరి ఉమ్మడి నిర్ణయం అని బహిరంగంగ చెప్పేసరికి 1952 జనవరి అయింది. ఇగ 1956ల సూయెజ్ కాడ ఏమైంది? బ్రిటన్, ఫ్రాన్స్ ఈజిప్టు మీదికి పోతే అమెరికానే మెడలు వంచి వెనక్కి రప్పించింది. 1966ల ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ నాటో ఉమ్మడి కమాండ్ కెల్లి ఫ్రాన్స్‌ను బయటికి తీస్కపోయిండు, హెడ్‌క్వార్టర్స్ పారిస్ పక్కకెల్లి బెల్జియం పోయింది. పదేండ్లకోపారి ఒకరి మీద ఒకరు గుర్రుమనే దేశాలు ఇవి. ఆ చిన్నోడు పరీక్షల "ఆదర్శ మైత్రి" అని రాస్తే అది అబద్ధం అయితది.

పద్మజ_చరిత్ర:
ఆదర్శ మైత్రి అని రాయమని నేనూ చెప్పను శ్రీను గారూ. అవసరమే ఉంది. కానీ అవసరం అందరికీ ఒకే ధరకు దొరకలేదు.

1948లో బ్రిటన్‌లో పరిస్థితి చూడండి. యుద్ధం జరుగుతున్నప్పుడు కూడా లేని బ్రెడ్ రేషన్‌ను 1946 జులైలో పెట్టారు. అది ఎత్తేసింది 1948 జులై చివర్లో, అంటే బెర్లిన్‌కు పిండి బస్తాలు ఎగరడం మొదలైన నెల తర్వాత. ఆ దేశంలో మాంసానికి రేషన్ 1954 దాకా ఉంది. ఆ దేశం తన విమానాలను, తన పెట్రోలును మూడేళ్ల కిందటి దాకా తన మీద బాంబులు వేసిన శత్రువు రాజధానికి పంపింది. అమెరికా చేసినదాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కడుపు నిండినవాడు పెట్టినదాన్నీ, అర్ధాకలితో ఉన్నవాడు పెట్టినదాన్నీ ఒకే త్రాసులో టన్నుల్లో తూచడమే నాకు నచ్చదు.

సూయెజ్, డిగాల్ సంగతులు రెండూ నిజం. ఫ్రాన్స్ 2009లో గానీ మళ్లీ ఉమ్మడి కమాండ్‌లోకి రాలేదు. అయినా ఒక్క విషయం గమనించండి. 1966 తర్వాత కూడా ఫ్రెంచ్ సైన్యం బెర్లిన్‌లోని తన సెక్టార్ వదల్లేదు. మూడు పశ్చిమ దేశాల దళాలూ 1994లోనే బెర్లిన్ విడిచి వెళ్లాయి.

ఓరుగల్లు_శ్రీను:
రేషన్ ముచ్చట మాత్రం నాకు తెల్వదు మేడమ్. అది బరాబర్ రాయాల్సిన పాయింటే.

రన్‌వే27:
ఈ చర్చలో ఎవరూ ఎత్తని ఇంకో మూడు సంగతులు.

టన్నర్ ఈ విద్య నేర్చుకుంది మన దేశంలో. రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు చేర్చిన 'హంప్' మార్గానికి 1944 నుంచి ఆయనే కమాండర్. చాబువా లాంటి అస్సాం ఎయిర్‌ఫీల్డ్‌లలో వానల్లో, మబ్బుల్లో రాటుదేలిన పద్ధతులే బెర్లిన్‌లో పనికొచ్చాయి. అదే 1948లో మన డకోటాలు మెహర్ సింగ్ నాయకత్వంలో జమ్మూకశ్మీర్‌లో ముట్టడిలో ఉన్న పూంచ్‌కు సరుకులు దించుతున్నాయి. అక్కడ మిత్రదేశం ఏదీ లేదు, మనవాళ్లే. ఆ కథ కూడా మన పిల్లలకు తెలియాలి.

రెండోది బొగ్గు. బెర్లిన్‌కు పోయిన సరుకులో దాదాపు మూడింట రెండొంతులు బొగ్గే. సంచుల్లో కట్టినా దాని పొడి విమానం సందుసందుకూ దూరుతుంది. నేల పలకల కింద, కంట్రోల్ తీగల్లో, వైరింగ్‌లో. సంచుల మీద నీళ్లు చల్లి చూశారు, బరువు పెరిగింది. రెండు వందల గంటలు ఎగిరిన ప్రతి C-54నూ ఇంగ్లండ్‌లోని బర్టన్‌వుడ్ డిపోకు పంపి, మొత్తం విప్పి, కడిగి, చెక్ చేసేవాళ్లు. అదీ బ్రిటిష్ నేల మీదే. సరుకు_రవాణా గారు చెప్పిన ఖాతాలో ఇదీ కలపండి.

మూడోది నాకు అన్నిటికంటే పెద్దది. మెకానిక్కులు చాలకపోతే టన్నర్ జర్మన్ వైమానిక దళంలో పనిచేసిన మెకానిక్కులను తీసుకున్నాడు. మాన్యువళ్లను జర్మన్‌లోకి మార్పించాడు. మూడేళ్ల కింద ఎవరి విమానాలు కూల్చడానికి పనిచేశారో వాళ్ల విమానాల ఇంజన్లకు వాళ్లే బోల్టులు బిగించారు. పైలట్ కూడా మారుమాట లేకుండా ఎక్కాడు. మెకానిక్ చేతిని నమ్మి విమానం ఎక్కడం అంటే ఏంటో నాకు తెలుసు. ఏ ఒప్పందంలోనూ ఆ నమ్మకాన్ని రాయలేం.

బెర్లిన్_వాసి:
కామన్వెల్త్‌ను మరిచిపోవద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా సిబ్బంది కూడా బ్రిటిష్ డకోటాల్లో ఎగిరారు. తిరుగు ప్రయాణంలో బ్రిటిష్ విమానాలు ఖాళీగా పోలేదు, పిల్లలను, రోగులను, బెర్లిన్ ఫ్యాక్టరీల్లో తయారైన వస్తువులను బయటికి తీసుకెళ్లాయి. ఆ వస్తువుల మీద "దిగ్బంధంలో ఉన్న బెర్లిన్‌లో తయారైంది" అని ముద్ర వేసేవాళ్లు. ప్రమాదాల్లో మొత్తం 101 మంది చనిపోయినట్టు లెక్క. అందులో 39 మంది బ్రిటిష్‌వాళ్లు, 31 మంది అమెరికన్లు, మిగిలినవాళ్లలో ఎక్కువమంది జర్మన్లు. సరుకులో బ్రిటన్ వాటా నాలుగో వంతు, ప్రాణాల్లో అమెరికా కంటే ఎక్కువ. శ్రీను గారూ, ఇది కూడా లెక్కే కదా.

ఓరుగల్లు_శ్రీను:
లెక్కే అన్నా. ఒప్పుకుంటున్న.

కృష్ణాతీరం:
అందరికీ చాలా కృతజ్ఞతలు. చివరిగా ఒకటి. దిగ్బంధం 1949 మే 12న ఎత్తేశారు, కానీ ఎయిర్‌లిఫ్ట్ సెప్టెంబర్ 30 దాకా నడిచిందని ఒకచోట చూశాను. ఎందుకు? తేదీ తప్పా?

సరుకు_రవాణా:
తేదీ తప్పు కాదు. మళ్లీ మూసేస్తే ఏం చేయాలి అన్న భయం. రోడ్లు తెరుచుకున్నా విమానాలు ఆపకుండా నగరంలో బొగ్గు, తిండి నిల్వలు పెంచుకుంటూ పోయారు, గోదాములు నిండాకే తగ్గించుకుంటూ వచ్చారు. అప్పటికి వాళ్ల సత్తా కూడా ఎక్కడికో పోయింది. ఏప్రిల్ 15 మధ్యాహ్నం నుంచి 16 మధ్యాహ్నం దాకా, ఒక్క 24 గంటల్లో 1,398 ట్రిప్పుల్లో 12,941 టన్నులు దింపారు, అంతా బొగ్గే. దాదాపు నిమిషానికో విమానం. మొదట్లో రోజుకు 4,500 టన్నులు చేరితే చాలనుకున్నారు, డకోటాలతో అయితే దానికే 1,500 ట్రిప్పులు కావాలి. అదే నెల 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు నాటో ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆన్సర్‌లో ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి రాయి తమ్ముడూ, దిద్దేవాళ్లకు సంబంధం కనపడుతుంది. ఫాస్‌బెర్గ్, సెల్లే, టెగెల్ పేర్లు మ్యాప్‌లో గుర్తుపెట్టుకో.